గిన్నె ఆకులు

ఆ మొక్కల పరిశోధనా కేంద్రంలో ఆమెను పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కడూ లేడు. ఆమె మరిది అక్కడ డ్రైవరు. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో అతను నలుగురి మధ్యలో నిలబడి "వదినా, డబ్బా మర్చిపోయావు!" అని ఒక్క కేక వేశాడు, అంతే. ఆ పూట నుంచి కాపలాదారుకీ వదినే, గుమాస్తాకీ వదినే, చదువుకోవడానికి వచ్చిన పిల్లలందరికీ వదినే. పెద్ద మేడం అంతటి మనిషి కూడా కొన్నాళ్ళు "ఏమ్మా, ఇదిగోమ్మా" అని నెట్టుకొచ్చి చివరికి "వదినగారూ" దగ్గర స్థిరపడింది. అందరికీ వదినయ్యాక ఇక నాకేం మిగిలిందని ఆ మరిది ఇప్పటికీ మూతి ముడుచుకుంటాడు.

వదిన పని మొలకల గదిలో. కిటికీల్లేని పొడవాటి గది, ఇనుప అరలు, అర అరకీ ట్యూబులైట్లు, ఎప్పుడు తలుపు తీసినా గుప్పుమనే తడి మట్టి వాసన. పరిశోధన చేసే పిల్లలు విత్తనాల పొట్లాలు గుమ్మం దగ్గర ఇచ్చి వెళ్ళాలి, అడుగు లోపల పెట్టకూడదు. ఒకప్పుడు ఎవరో మహానుభావుడు తోటలో తిరిగిన బూట్లతోనే లోపలికొచ్చి, వాటితో పాటు పురుగును కూడా వెంటబెట్టుకొచ్చాడు. గది మొత్తం ఊడ్చి పారబోయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఆ గుమ్మం దాటేది వదిన ఒక్కతే. ట్రేలలో విత్తేది ఆవిడే, తడిపేది ఆవిడే. మొలకలు నిలదొక్కుకున్నాక ఒక్కొక్కటీ పట్టకారుతో పైకి తీసి, చిన్న కుండీల్లో నాటి, బయట అద్దాల ఇంట్లో బల్లల మీద వరసగా పేర్చేదీ ఆవిడే. పిల్లలు తమ మొక్కల మొహం మొదటిసారి చూసేది అక్కడే.

ఆ వరసలు చూసి తీరాలి! దువ్వెన పెట్టి దువ్వినట్టు ఉండేవి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు అన్న మాట లేదు. అన్నీ ఒకే ఎత్తు, ఒకే పచ్చ, ఒకేలా రెండేసి తొలి ఆకులు చాపుకుని నిలబడేవి. వేరే కేంద్రాల నుంచి వచ్చినవాళ్ళు ఆ బల్లల ముందు ఆగిపోయి "ఎవరండీ ఇవి పెంచింది?" అని అడిగేవారు. అప్పుడు వదిన అక్కడే ఉన్నా వెంటనే పలికేది కాదు. ఎవరో ఒకరు తనను చూపించే దాకా తుడిచిన కుండీనే మళ్ళీ తుడుస్తూ ఉండేది. పొగడ్త చేదా ఏమిటి ఎవరికైనా!

దీనికో కిటుకుంది. ఎన్ని మొక్కలు కావాలన్నా వదిన దానికి మించి విత్తేది. నాటేటప్పుడు కాళ్ళ దగ్గర ఒక ప్లాస్టిక్ బక్కెట్ పెట్టుకునేది. వంకరవి, వెనకబడ్డవి, ఆకు సరిగా విడనివి, చూడగానే కంటికి నలకలా అనిపించేవి అన్నీ అందులోకి పోయేవి. మిగిలిన మంచివాటిలోంచి అడిగినన్ని లెక్కగా వెళ్ళేవి. ఇది బద్ధకం కాదు, దొంగతనం అసలే కాదు. పని రెట్టింపు. ఇలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు, చెయ్యొద్దనీ ఎవరూ అనలేదు. నారు పోసిన చెయ్యి చెత్త మొలకను ఏరిపారెయ్యకుండా ఉంటుందా? చిన్నప్పుడు వాళ్ళమ్మ కూరగాయల మడిలో ఇలాగే ఏరేది. పనిమంతురాలు అనిపించుకోవాలంటే ఇదే దారి అనుకుంది వదిన. ఆ అనుకోవడంలోనే పుట్టి మునిగింది.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఉండేది. మనిషి పొడుగు, చేతులు ఇంకా పొడుగు. బజార్లో కొన్న ఏ బట్టకైనా చేతులు మోచేతి దాకా వచ్చి ఆగిపోయేవి. వదిన భర్త టైలరు. వీధి వైపు గదిలోనే ఆయన మిషను, ఇస్త్రీ బల్ల, గోడకు వేలాడే సగం కుట్టిన చొక్కాలు. ఒక ఆదివారం సాయంత్రం ఆ పొడుగమ్మాయి చేతులు పెంచుకోవడానికి ఒక బట్ట తీసుకుని అక్కడికి వచ్చింది.

"మా వదిన భర్తంటే నాకు అన్నయ్య వరసే కదా మీరు. కూలి తగ్గించాలి," అంది నవ్వుతూ.

"వరస కలిపినవాళ్ళందరికీ తగ్గిస్తే నేను మిషను అమ్ముకోవాలమ్మా," అన్నాడాయన, కొలతలు తీస్తూ.

అమ్మాయి నవ్వింది గానీ ఆ నవ్వు నిలవలేదు. వదిన టీ ఇచ్చి, ఏంటమ్మా అలా ఉన్నావు అంటే, మొదట ఏం లేదంది. తర్వాత తనే బయటపడింది. వచ్చే వారం మేడం గదిలో మీటింగు. తన పని మూసేస్తున్నారు. రెండేళ్ళు చేసి చూపించింది గుండు సున్నా. మళ్ళీ మొదటి నుంచి ఇంకోటి మొదలెట్టాలంటే ఇంట్లో ఆగేట్టు లేరు, సొంత అన్నయ్య ఇంకా ఎన్నాళ్ళే నీ మొక్కలు అని రోజూ ఫోన్ చేస్తున్నాడు. మూటాముల్లే సర్దుకోవడమే.

"అసలు నువ్వు చేసేదేంటో ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పలేదు కదే," అంది వదిన.

అమ్మాయి చుట్టూ చూసి, టైలరు చేతిలో ఉన్న సుద్దముక్క చూపించింది. "అన్నయ్య బట్ట మీద గీస్తున్నారే, ఆ గీత లాంటిది నాది. ఆ గీత బట్టా కాదు, దారమూ కాదు. చొక్కా అయ్యాక వెతికినా కనబడదు. కానీ అది లేకపోతే కత్తెర ఎక్కడ ఆగాలో ఎవరికి తెలుసు? మొక్కలో కూడా అంతే. జన్యువులు పని చేసేవి. వాటి మధ్య ఏ పనీ చెయ్యనట్టు కనిపించే రాత బోలెడుంటుంది. చాలామంది దాన్ని చెత్త అనుకున్నారు. అందులో ఒక ముక్క ఉంది వదినా. టమాటాలో ఉంది, వంగలో ఉంది, మిరపలో ఉంది. ఇవన్నీ కోట్ల ఏళ్ళ కిందట వేరు కాపురాలు పెట్టినవి. చుట్టూ ఉన్న రాతంతా గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. ఈ ముక్క మాత్రం దాదాపు అలాగే ఉంది. ఏ పనీ లేనిదాన్ని అన్ని కోట్ల ఏళ్ళు ఎవరు దాచుకుంటారు చెప్పండి?"

"అదీ నిజమే," అన్నాడు టైలరు.

"పక్కనున్న జన్యువుకి ఎక్కడ వెలగాలో, ఎప్పుడు వెలగాలో చెప్పేది ఆ ముక్కేనని నా అనుమానం. అందుకే టమాటాలో దాన్ని కత్తిరించి తీసేశాను. జన్యువు జోలికి పోలేదు, ముక్క మాత్రమే తీశాను. నా లెక్క నిజమైతే, అన్నిట్లో కాకపోయినా కొన్ని మొలకల్లోనైనా తడబాటు కనిపించాలి. తొలి ఆకులు రెండూ విడిపోకుండా అంచులు అతుక్కుని, ఒకటే చిన్న గిన్నెలా రావాలి. రెండేళ్ళుగా చూస్తున్నాను వదినా. ట్రేకి ఒక్కటి, ఒక్కటంటే ఒక్క గిన్నె ఆకు కనిపించినా చాలు. ఒక్కటీ లేదు. అన్నీ ముత్యాల్లా రెండేసి ఆకులు. మీ చెయ్యి అంత మంచిది మరి."

వదిన చేతిలో ఖాళీ గ్లాసులున్నాయి. గిన్నె ఆకులు! ఎన్ని చూసింది! ఆ పొడుగమ్మాయి ట్రేలలోనే ఎక్కువ ఉండేవి. వాన నీళ్ళు పట్టుకోవడానికి పెట్టినట్టు చిన్ని చిన్ని పచ్చ గిన్నెలు. పాపం ఈ పిల్ల విత్తనాలు నాసిరకం, ఈ చెత్తంతా చూస్తే బెంగపడుతుందని, మిగతావాళ్ళ ట్రేలకంటే ఇంకాస్త శ్రద్ధగా ఏరి బక్కెట్లో వేసింది. బెంగపడుతుందని!

అప్పుడే చెప్పెయ్యాల్సింది. నోరు తెరిచింది కూడా. కానీ అమ్మాయి ఆమె వైపు చూస్తున్న చూపులో అంత నమ్మకం ఉంటే మాట ఎలా వస్తుంది? "ఇంకో టీ తాగుతావా?" అని అడిగి గ్లాసులు పట్టుకుని లోపలికి పోయింది. వంటగదిలో కడిగిన గ్లాసులే కడుగుతూ చాలాసేపు ఉండిపోయింది.

అమ్మాయి వెళ్ళాక భర్త అడిగాడు. "ఏంటి, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"నీ మొహం చూస్తే అలా లేదే."

"నా మొహం మీకు కొత్తగా కనబడుతోందా ఇవాళ? మీ పని మీరు చూసుకోండి," అని కసిరింది. ఆయన తప్పేం లేదు పాపం. తప్పు తనలో ఉన్నప్పుడు ఎదుటివాళ్ళ మీద విరుచుకుపడటం మనిషికి మామూలే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు ఏడ్చి ఏం లాభమని ఒకవైపు, చెబితే ఇన్నేళ్ళ పేరు గంగలో కలుస్తుందని ఇంకోవైపు. మింగలేదు, కక్కలేదు.

మర్నాటికి ఒక ఉపాయం తోచింది. పిరికివాడికి తోచే ఉపాయాలన్నీ చూడ్డానికి ఎంత తెలివిగా ఉంటాయో! ఆ అమ్మాయి చివరి విడత మొలకలు అప్పుడే నాటడానికి వచ్చాయి. ఈసారి ఏరకుండా నాటితే సరి. గిన్నెలూ వెళ్తాయి, అమ్మాయి చూసుకుంటుంది, పని నిలబడుతుంది. బక్కెట్ సంగతి ఎవరికీ తెలియనక్కర్లేదు. పాము చావదు గానీ కర్రా విరగదు, అదే చాలనుకుంది. అలాగే నాటింది. గిన్నె ఆకును పట్టకారుతో పట్టుకున్న ప్రతిసారీ చెయ్యి అలవాటు కొద్దీ బక్కెట్ వైపే పోయింది. పళ్ళు బిగించుకుని వెనక్కి తెచ్చుకుంది.

అద్దాల ఇంట్లో ఆ అమ్మాయి పెట్టిన కేకకు తోటమాలి పరుగెత్తుకొచ్చాడు, పాము కనిపించిందేమోనని. అమ్మాయి ఒక కుండీని రెండు చేతుల్తో పట్టుకుని గంతులేస్తోంది. తర్వాత మొలకల గది గుమ్మం దగ్గరకు వచ్చి, అవతల నుంచే వదినను పిలిచి, ఆమె బయటకు రాగానే వాటేసుకుంది.

"వచ్చాయి వదినా! గిన్నెలు వచ్చాయి! మీ చేతి చలవ!"

ఆ ఒక్క మాటకు వదిన సిగ్గుతో కుంచించుకుపోయింది. తిట్టినా, కొట్టినా అంత బాధ ఉండేది కాదు. "నాదేముందే," అంది. నిజంగా నిజం చెప్పడానికి అదొక మంచి సమయం. అదీ జారిపోయింది. అమ్మాయి అప్పటికే ఆకు చివర తుంచి పరీక్షకు పరుగెత్తింది.

మీటింగు మేడం గదిలో. పొడవాటి బల్ల చుట్టూ ఆ కేంద్రంలో పరిశోధన చేసే పిల్లలందరూ ఉన్నారు. గిన్నె ఆకుల కుండీలు తెచ్చిపెట్టమని వదినను పిలిచారు. ఆమె వాటిని బల్ల మీద సర్ది, గోడ వారగా నిలబడింది. వెళ్ళమని ఎవరూ అనలేదు, వెళ్ళడానికి ఆమెకూ కాళ్ళు రాలేదు.

అమ్మాయి ఉత్సాహంగా చెప్పుకుపోయింది. పరీక్షలో తేలింది కూడా చూపించింది. ఈ గిన్నె మొక్కల్లో జన్యువు చెక్కుచెదరలేదు, పోయింది ఆ పక్కనున్న ముక్క ఒక్కటే. అందరి మొహాలూ విప్పారాయి. మేడం మాత్రం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పరీక్ష బాగానే ఉంది. నాకు అర్థం కానిది వేరే. రెండేళ్ళు ఇవే విత్తనాలు వేశావు. ప్రతిసారీ 'అన్నీ మామూలుగానే ఉన్నాయి' అని నాకు చెప్పావు. పని మూసేస్తున్నామనగానే ఒక్క వారంలో ఇన్ని గిన్నెలా? ఇవి నిజమైతే అప్పుడు చెప్పింది అబద్ధం. మొక్కల దగ్గరికి వెళ్ళకుండానే బాగున్నాయని చెప్పావా?"

"లేదు మేడం. రోజూ చూశాను."

"నేను కూడా నీ వయసులో ఇలాంటి ముక్కే తీసేసి చూశాను, ఇక్కడే. వందల మొక్కలు చూశాను. ఏ తేడా లేదు. లేదు కాబట్టి లేదని చెప్పాను. దానికే నాకింత పేరొచ్చింది. చూడకుండా చెప్పేవాళ్ళతో నేను పని చెయ్యలేను. ఇక్కడ నీకు చోటుండదు."

అమ్మాయి చుట్టూ చూసింది, గోడ దగ్గర వదిన కనిపించింది. ప్రాణం లేచొచ్చినట్టు, "వదినని అడగండి మేడం. పొద్దున్నే వచ్చి ఒక్కో కుండీ ముందు కూర్చునేదాన్ని. ఆవిడకు తెలుసు," అంది.

అందరూ వదిన వైపు తిరిగారు.

"చూసేదండీ," అంది వదిన. "రోజూ చూసేది."

అంతవరకు నిజమే. అక్కడ ఆపెయ్యొచ్చు కూడా. సాక్ష్యం చెప్పినట్టూ ఉంటుంది, తన గుట్టు తన దగ్గరే ఉంటుంది. ఒక్క క్షణం ఆ ఆశ కూడా పుట్టింది, దాచడమెందుకు.

"చూస్తే మరి కనబడవా?" అంది మేడం. అమ్మాయి తల దించుకుంది. ఆ దించుకోవడం చూశాక వదిన వల్ల కాలేదు.

"కనబడేవి కావండీ. ఈ పిల్ల దాకా నేను రానిస్తే కదా. నేనే పీకేశాను."

ఎవరికీ అర్థం కాలేదు. వదిన చెప్పింది. ఎక్కువ విత్తడం, నాటేటప్పుడు ఏరడం, బక్కెట్, అన్నీ చెప్పింది. "వంకరవి మీకెందుకని తీసేసేదాన్ని. మంచివే ఇవ్వాలనుకున్నాను. ఇదిగో ఈ గిన్నెలే అండీ, బోలెడు. ఆదివారం దాకా నాకు తెలీదు. తెలిశాక కూడా చెప్పలేదు. ఊరికే ఈసారి ఏరడం మానేశాను, ఎవరికీ తెలియకుండా పోతుందని. ఈ పిల్ల మీదికి వస్తుందనుకోలేదు. దాన్ని ఏమీ అనకండి. అది అబద్ధం చెప్పలేదు, నేనే దాని కంటికి అబద్ధం చూపించాను."

అయిపోయిందనుకుంది. కళ్ళు మూసుకుని దూకాల్సిన నుయ్యి ఇదొక్కటే అనుకుంది. ఇప్పుడు మేడం నాలుగు దులుపుతుంది, ఉద్యోగంలోంచి పొమ్మంటుంది, పోతాను అనుకుంది. అమ్మాయి మాత్రం ఆమెనే చూస్తోంది. కోపంగా కాదు. తెలిసిన మనిషిని వీధిలో గుర్తుపట్టలేక చూస్తారే, అలా.

బల్ల చివర కూర్చున్న గడ్డం కుర్రాడు కుర్చీలోంచి కాస్త ముందుకు వంగాడు.

"నావి కూడానా వదినా?"

అతనివి మిరప మొక్కలు. అతను కూడా ఏదో ముక్క తీసేసి, ఏ తేడా లేదని కిందటేడే తేల్చేసి, అందరికీ మిఠాయిలు పంచాడు. వదినకూ పెట్టాడు.

"పొట్టివి వచ్చేవి బాబూ," అంది. "మిగతావాటిలో సగం కూడా ఎదిగేవి కావు. తీసేశాను."

అతని పక్కన కూర్చున్న అమ్మాయి, ఇంకో నెలలో పట్టా పుచ్చుకుని వెళ్ళిపోవాల్సిన పిల్ల, చాలా నెమ్మదిగా అడిగింది. "నా వంగ మొక్కలు?"

"కొన్నిటికి మూడేసి ఆకులుండేవి తల్లీ."

ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అడిగారు. ఎవరూ గొంతు పెంచలేదు. ఒక్కొక్కరికీ వదిన జవాబు చెప్పింది. ఆమెకు అన్నీ గుర్తున్నాయి, అదే ఖర్మ. ఎవరి ట్రేలో ఏం వచ్చేదో, దేన్ని ఏరిందో, కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. ఒక పిల్ల బతుకు పాడు చేశానని ఒప్పుకోవడానికి నోరు తెరిచిన మనిషికి, ఆ గదిలో తాను పాడు చెయ్యని పని ఒక్కటీ లేదని అప్పుడు తెలిసింది. ఒంటి మీది చీర కూడా బరువనిపించింది.

చివరికి అడగాల్సినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మేడం కళ్ళజోడు ఇంకా బల్ల మీదే ఉంది. ఆవిడ దాన్ని అటూ ఇటూ జరుపుతూ, వదిన వైపు చూడకుండా అడిగింది.

"నావి?"

వదినకు ఆ మొక్కలు కూడా గుర్తున్నాయి. తను చేరిన కొత్తలో నాటినవి. అప్పటికి మేడం జుట్టు నల్లగా ఉండేది, ఇంత గంభీరంగా ఉండేది కాదు. కుండీల వరస చూసి చప్పట్లు కొట్టింది.

"చెప్పండి వదినగారూ."

"మొదటి విడతలో కొన్నే తీశానండీ," అంది వదిన. "మీరు చూసి చాలా బాగున్నాయని మెచ్చుకున్నారు. అందుకని తర్వాతి విడతల్లో ఇంకా ఎక్కువ తీశాను."

మేడం బల్ల మీదున్న కుండీల్లో ఒకదాన్ని దగ్గరకు లాక్కుని ఆ గిన్నె ఆకును చూస్తూ కూర్చుంది. ఎవరైనా లేచి తనను నాలుగు తిడితే బాగుండునని వదిన గోడ దగ్గరే నిలబడింది. ఎవరూ తిట్టలేదు.